నీళ్ళ దారి వేరు, వేడి దారి వేరు: తిరుపతిలో ఒక లాండ్రీ కేసు

లాండ్రీలకు, చిన్న డైయింగ్ యూనిట్లకు ఆవిరి, నీటి లైన్లు చూసే పని నాది. ఈ కేసును యజమాని అనుమతితో రాస్తున్నాను. పేరు, వీధి, వాళ్ళకు బట్టలు పంపే లాడ్జీల వివరాలు తీసేశాను. అంకెలను కొద్దిగా గుండ్రంగా సవరించాను. ఇందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. దాన్ని వివరంగా రాయడానికే ఇది మొదలుపెట్టాను, ఎందుకంటే అదే తప్పు ఇంకో రెండు చోట్ల వేరేవాళ్ళు చేయబోతుంటే చూశాను.

నేపథ్యం

తిరుపతి శివార్లలో లాడ్జీలకు, చిన్న హోటళ్ళకు బట్టలు ఉతికే లాండ్రీ అది. రోజుకు సుమారు 1,500 కిలోల బట్ట వస్తుంది. 60 కిలోల వాషర్లు మూడు ఉన్నాయి, అందులో ఒకటి టవళ్ళకే. రెండు డ్రయ్యర్లు, బెడ్‌షీట్లకు ఒక ఆవిరి ఐరనర్, వీటన్నిటికీ కలిపి ఒక కట్టెల బాయిలర్. సరుగుడు, తుమ్మ, ఏది దొరికితే అది కాలుస్తారు.

తిరుపతి లాడ్జీ బట్ట ఇంకో ఊరి హోటల్ బట్టలా ఉండదు. గదిలో మనిషి ఒక రాత్రి ఉంటాడు, మరుసటి రోజు ఇంకొకరు దిగుతారు. కాబట్టి దుప్పట్లు పెద్దగా మురికి పట్టవు, కానీ రోజూ మార్చాల్సిందే. మురికి కంటే మరకలు ఎక్కువ. గుండు చేయించుకున్నవాళ్ళు తలకు పూసుకున్న గంధం దిండు గలీబులకు అంటుతుంది. పసుపు, కుంకుమ, తలనూనె, పసిపిల్లల పాలు ఉంటాయి. కొండ మెట్లెక్కి వచ్చినవాళ్ళ కాళ్ళ పుండ్ల రక్తం కూడా ఉంటుంది. ఏ మరకకు ఏ నీళ్ళు పడవో తెలియకుండా ఇక్కడ నీటిని తిరగవాడడం కుదరదని నాకు తర్వాత అర్థమైంది.

ఇంకో ఇబ్బంది కాలానిది. వేసవి సెలవుల్లో భక్తులు ఎక్కువ, బట్ట ఎక్కువ. బోరు అడుగంటేది కూడా అప్పుడే. ఇక్కడ గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మే నెలలో పని పెరిగే కొద్దీ నీళ్ళు తగ్గుతూ పోతాయి.

సమస్యగా చెప్పింది, నిజంగా ఉన్నది

యజమాని నన్ను పిలిచింది ఆర్‌ఓ ప్లాంటు గురించి సలహా కోసం. మే నెల, రోజుకు మూడు ట్యాంకర్లు దించుకుంటున్నాడు. "సార్, వాడిన నీళ్ళన్నీ ఆర్‌ఓలో వేసి మళ్ళీ వాడుకుంటే ట్యాంకర్ల టెన్షన్ ఉండదు కదా?" అన్నాడు. చేతిలో కొటేషన్ ఉంది.

అంతకు రెండేళ్ళ ముందే ఒక రీసైక్లింగ్ ఏర్పాటు పెట్టించుకుని వదిలేశాడని మాటల్లో బయటపడింది. మూడు మెషీన్ల మురికినీళ్ళన్నీ ఒక గుంతలోకి, అక్కడి నుంచి ఇసుక ఫిల్టర్‌లోకి, తర్వాత బోరు నీళ్ళ సంపులోకే కలిపే ఏర్పాటు. మూడు వారాల్లో దుప్పట్లు బూడిద రంగుకు తిరిగాయి, ఒక లాడ్జీ చేజారింది. తప్పంతా ఫిల్టర్‌దేనని ఆయన అనుకుంటున్నాడు.

ఫిల్టర్ మారిస్తే తీరేది కాదు అది. ఇసుక బట్టల నుంచి రాలే నూగును ఆపుతుంది, నీళ్ళలో కరిగిన సోడాను, సబ్బును, ఉప్పును ఆపలేదు. పది వంతుల్లో ఏడు వంతుల నీళ్ళు తిప్పి తిప్పి వాడితే, ప్రతి ఉతుకులో కలిసే ఉప్పు చివరికి మూడింతలకు పైగా పేరుకుని నిలబడుతుంది. ఆ నీళ్ళతోనే ఆఖరి జాడింపు కూడా చేస్తే బట్టలో క్షారం మిగిలిపోయి, ఐరనర్ వేడికి పసుపుపచ్చగా కాలుతుంది.

ఆర్‌ఓ ఆ ఉప్పును తీసేస్తుంది, నిజమే. కానీ లాండ్రీ నీళ్ళలోని నూగు, నూనె, డిటర్జెంట్ కలిసి దాని వడపోత పొరలను మూసేస్తాయి. వాటికి ముందు ఇంకో రెండు మూడు శుద్ధి దశలు కావాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి, అది వదిలే ఉప్పు నీళ్ళను (రిజెక్ట్) ఎక్కడికి పంపాలో చూసుకోవాలి. ఆ స్థాయి లాండ్రీకి అది మోయలేని బరువు అనిపించింది. అయినా వద్దని అప్పుడే చెప్పలేదు. పదిహేను రోజులు కొలుద్దాం, తర్వాత మాట్లాడదాం అన్నాను. ఆయనకు అది నచ్చలేదు, కానీ ఒప్పుకున్నాడు.

పదిహేను రోజుల కొలతలు

బోరు లైనుకు, సాఫ్ట్ వాటర్ లైనుకు, బాయిలర్ లైనుకు వేర్వేరుగా మీటర్లు పెట్టాం. ఒక థర్మామీటర్, పీహెచ్ పట్టీలు (ఏడు దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం), నీళ్ళలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటర్, కాఠిన్యం చూసే కిట్. కట్టెలను రోజూ తూకం వేయించాం.

రోజు వాడకం 37,000 లీటర్లు. బోరు 22,000, మిగతాది ట్యాంకర్లు. మొదటి వారంలోనే ఒక దొంగ దొరికాడు. పని ఆగిన రాత్రి కూడా మీటర్ తిరుగుతోంది. ఒక వాషర్ డ్రెయిన్ వాల్వు రబ్బరు అరిగిపోయి పూర్తిగా మూసుకోవడం లేదు, దాని నింపే వాల్వు కూడా సరిగా ఆగడం లేదు. రోజుకు 2,000 లీటర్లు అలా కాలవలోకి పోతున్నాయి. మీటర్ లేకపోతే దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు.

బోరు నీళ్ళ టీడీఎస్ లీటరుకు 1,100 మిల్లీగ్రాములు, కాఠిన్యం 480. కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ ఉంది, దానికి శక్తి తిరిగి రావాలంటే అప్పుడప్పుడు ఉప్పు వేయాలి, కానీ వేసేది గుర్తొచ్చినప్పుడే, అందుకే దాన్ని దాటి వచ్చిన నీళ్ళలోనూ 200 కాఠిన్యం ఉంది. ఆ లోటు పూడ్చడానికి సబ్బు ఎక్కువ పోస్తున్నారు. ఎక్కువ సబ్బు పోవాలంటే జాడింపు ఎక్కువ కావాలి. రీసైక్లింగ్ కంటే ముందు సాఫ్ట్‌నర్‌ను దారిలో పెట్టాలని అప్పుడే నిర్ణయించాను. ఎన్ని వేల లీటర్లు దాటాక ఉప్పు వేయాలో మీటర్ పక్కనే పెయింటుతో రాయించాం.

ఇక ఒక 60 కిలోల లోడు లెక్క ఇది: ప్రీవాష్ 300 లీటర్లు, మెయిన్ వాష్ 180, బ్లీచ్ 180, తర్వాత మూడు జాడింపులు ఒక్కొక్కటి 220. మొత్తం 1,320, అంటే కిలోకు 22 లీటర్లు. మూడో జాడింపులో సోర్ (పలుచని ఆమ్లం) వేసి మిగిలిన క్షారాన్ని విరుస్తారు. దాని నీళ్ళు 220, ఆ తర్వాత స్పిన్‌లో బట్ట నుంచి వచ్చేవి ఇంకో 100. కలిపితే 320. ప్రీవాష్‌కు కావలసింది 300. ఒక లోడు ఆఖరి నీళ్ళు తర్వాతి లోడు మొదటి నీళ్ళకు దాదాపు సరిగ్గా సరిపోతున్నాయి. పైగా అవి చూడ్డానికి తాగే నీళ్ళలా ఉన్నాయి. పీహెచ్ 6, టీడీఎస్ 1,250.

వేడి వైపు కట్టెలు రోజుకు 630 కిలోలు. మా లెక్కలో ఉతుకుకు పోయేది మూడో వంతే. మిగతాదంతా డ్రయ్యర్లు, ఐరనర్. వాటిలో పనిచేసి నీరుగా మారిన ఆవిరి, అంటే కండెన్సేట్, రోజుకు 1,200 లీటర్ల పైన వస్తుంది. తిరిగి బాయిలర్‌కు తెచ్చే పైపు ఎప్పుడో తుప్పుపట్టి విరిగితే, దాన్ని కోసి కాలవలోకి వదిలేశారు. 90 డిగ్రీల నీళ్ళు, కాఠిన్యం లేనివి, టీడీఎస్ దాదాపు సున్నా. ట్యాంకర్ నీళ్ళు కొంటున్న చోట ఇంత మంచి నీళ్ళు పొగలు కక్కుతూ కాలవలో పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

మొదట చేసింది, చెడింది

కండెన్సేట్ పైపుతో మొదలుపెట్టాం. అందులో ఆలోచించడానికి ఏమీ లేదనుకున్నాను. బాయిలర్‌కు వెళ్ళే నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక శాతం ఇంధనం మిగులుతుంది. మా ఫీడ్ ట్యాంకు 28 నుంచి 65 డిగ్రీల పైకి వెళ్ళింది. రెండో రోజే ఫీడ్ పంపు గరగరమని శబ్దం చేసి నీళ్ళు లాగడం మానేసింది. పంపు లాగేటప్పుడు పైనుంచి ఒత్తిడి చాలకపోతే వేడి నీళ్ళు ఆవిరి బుడగలవుతాయి. ట్యాంకు పంపుతో సమానంగా నేల మీదే ఉంది. ఇనుప స్టాండు చేయించి ట్యాంకును ఆరడుగులు పైకెత్తాక సర్దుకుంది. ముందే ఎత్తించి ఉండాల్సింది.

పైపు వేశాక ఇంకో విషయం బయటపడింది. ఫీడ్ ట్యాంకులో నీళ్ళు కాకుండా నేరుగా ఆవిరి బుసలు కొడుతోంది. స్టీమ్ ట్రాపులంటే నీటిని వదిలి ఆవిరిని ఆపే వాల్వులు. ఏడింటిలో మూడు తెరుచుకుని ఉండిపోయాయి. కాలవలోకి పోయినంత కాలం ఆ పొగను వేడినీళ్ళ పొగే అనుకున్నారు. ట్రాపులు మార్చాం.

ఇప్పుడు నా తప్పు. మూడు జాడింపుల నీళ్ళనూ ఒక ట్యాంకులో పట్టి ప్రీవాష్‌కు ఇవ్వాలని గీశాను. మూడోది ఒక్కటే చాలని లెక్క చెబుతున్నా, మిగిలినవి నేల కడగడానికైనా పనికొస్తాయని ఆశపడ్డాను. అక్కడితో ఆగలేదు. మెయిన్ వాష్, బ్లీచ్ డ్రెయిన్ నీళ్ళు కలిసి 56 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ వేడిని ఒక ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ (నీళ్ళు కలవకుండా పలకల గుండా వేడిని మార్చేది) పెట్టి అదే ట్యాంకులోకి ఎక్కించాను. వెచ్చని నీళ్ళయితే ప్రీవాష్‌లోనే తలనూనె వదులుతుంది, నీళ్ళు, వేడి ఒకే దెబ్బకు తిరిగొస్తాయి అన్నది నా ఆలోచన. కాగితం మీద చాలా అందంగా ఉంది. ప్రీవాష్ 43 డిగ్రీలకు వచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే ఫోన్. వెళ్ళేసరికి దిండు గలీబుల మీద ఎర్రటి మచ్చలు, నిన్నటి వరకు లేనివి. కుంకుమ వదలకుండా అంతటా పాకిందని అందరూ అనుకున్నారు. నాకూ తోచలేదు. అక్కడ బట్టలు విడదీసే ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, గలీబు చేతిలోకి తీసుకుని చూసి అంది: "హారతికి పసుపు నీళ్ళల్లో సున్నం కలిపితే ఎర్రగా తిరిగేది కదా సార్. ఇదీ అట్లాంటిదేమో."

ఆ మాటతో చిక్కు విడిపోయింది. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మొదటి జాడింపు నీళ్ళలో మెయిన్ వాష్ సోడా ఇంకా ఉంది. పీహెచ్ పట్టీ ముంచితే పదికి దగ్గరగా చూపించింది. ఆ నీళ్ళు ప్రీవాష్‌లో పడగానే గంధంలోని పసుపు ఎర్రగా మారింది. ఆ వారం సాఫ్ట్‌నర్ బాగయిందని సోర్ మోతాదు కూడా తగ్గించి ఉన్నారు కాబట్టి ఆ ఎరుపు చివరిదాకా మిగిలింది. ఆవిడ గలీబు మీద నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపుపచ్చ అయింది. ఎండలో ఆరేస్తే అదీ చాలావరకు వెలిసింది. నష్టం పెద్దగా లేదు.

అసలు నష్టం దాని వెనక వచ్చింది. వారం తర్వాత ఒక లాడ్జీ నుంచి నలభై దాకా దుప్పట్లు తిరిగొచ్చాయి. గోధుమరంగు మచ్చలు, అంచులు స్పష్టంగా ఉన్నవి. ఎన్నిసార్లు ఉతికినా పోవడం లేదు. రక్తం, పాలు ప్రొటీన్ మరకలు. గుడ్డును వేడినీళ్ళలో వేస్తే గడ్డకట్టినట్టే, 40 డిగ్రీలు దాటిన నీళ్ళు మొదటే తగిలితే ఇవి పోగులో గడ్డకట్టి కూర్చుంటాయి. ప్రీవాష్ చల్లగా ఉండాలన్న నియమం ఉన్నది అందుకే. ఆ నియమం నాకు తెలుసు. వేడిని తిరిగి పట్టుకున్న సంతోషంలో దాన్ని మరిచిపోయాను. ఆ దుప్పట్ల ఖరీదులో సగం నా ఫీజులో తగ్గించుకోమని యజమానికి చెప్పాను. ఆయన వద్దన్నాడు, నేను ఒప్పుకోలేదు.

ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ కూడా తొమ్మిదో రోజుకు నూగుతో మూసుకుపోయింది. విప్పి చూస్తే పలకల మధ్య తడి దూది దట్టించినట్టుంది.

ఇవి చాలక వాసన. ఒక రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేక పని ఆగింది. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, కాస్త నూగు ట్యాంకులో రాత్రంతా నిలబడ్డాయి. తెల్లారి మూత తీస్తే పులిసిన గంజి వాసన. సూక్ష్మజీవులు పెరగడానికి కావలసినవన్నీ నేనే సిద్ధం చేసి పెట్టినట్టయింది.

రెండోసారి గీసింది

అప్పుడు కూర్చుని మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాను. తిరిగొచ్చే నీళ్ళు ఎక్కడికి పోవాలి? మురికిని తట్టుకునే చోటికి, ప్రీవాష్‌కు. అక్కడ వేడి పనికిరాదు. తిరిగొచ్చే వేడి ఎక్కడికి పోవాలి? వేడి కావలసిన చోటికి, మెయిన్ వాష్‌కు. అక్కడ వాడిన నీళ్ళు పనికిరావు. రెంటికీ ఒకే పైపు వేయడమే నా పొరపాటు. ఇది తట్టాక మిగతా నిర్ణయాలు దాదాపు వాటంతటవే వచ్చాయి.

ప్రీవాష్‌కు మూడో జాడింపు, స్పిన్ నీళ్ళు మాత్రమే. ట్యాంకుకు నీడ ఏర్పాటు చేశాం, నీళ్ళు 30, 31 డిగ్రీలు దాటడం లేదు. దారిలో నూగు పట్టే జల్లెడ, రోజుకు రెండుసార్లు కడిగేది. ట్యాంకు 1,000 లీటర్లదే పెట్టాం. పెద్దది పెడితే నీళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి. రాత్రి పని ముగిశాక తప్పనిసరిగా ఖాళీ చేయాలి, ఆ నీళ్ళతో షెడ్డు నేల కడుగుతారు. కొబ్బరి చెట్లకు పోద్దామని యజమాని అడిగాడు. సాఫ్ట్‌నర్ దాటిన నీళ్ళలో సోడియం ఉంటుంది, నేల గట్టిపడి పాడవుతుంది, వద్దన్నాను.

టవళ్ళ మెషీన్ నీళ్ళను ఇందులో కలపలేదు. టవళ్ళకు ఆఖర్లో మెత్తదనానికి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మందు వేస్తారు (నీళ్ళ సాఫ్ట్‌నర్ వేరు). అది డిటర్జెంట్‌తో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని జిడ్డు తెట్టెలా పేరుకుంటాయి. ఆ మెషీన్ ప్రీవాష్ మిగతా రెంటి నీళ్ళతో వీలైనంత వరకు నడుస్తుంది, దాని సొంత నీళ్ళు మాత్రం కాలవలోకే. ఇందువల్ల రోజుకు రావలసిన 7,500 లీటర్లు రాలేదు. దగ్గర దగ్గర 5,000 వద్ద ఆగింది. దుప్పట్లు పాడవడం కంటే అది నయం.

జాడింపు నీళ్ళను ట్యాంకు వైపు మళ్ళించడానికి మొదట చేతి వాల్వు పెట్టాం. నైట్ షిఫ్టులో నిద్రమత్తులో ఒకసారి బ్లీచ్ నీళ్ళే ట్యాంకులోకి మళ్ళాయి. మనిషిని తిట్టి లాభం లేదు. రోజుకు పాతిక లోడ్లు, లోడుకు ఆరు డ్రెయిన్లు. అన్నిసార్లు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. సోర్ పోసే డోసింగ్ పంపు తిరిగితేనే తర్వాతి డ్రెయిన్ ట్యాంకుకు తెరుచుకునేలా మోటారు వాల్వును దానికి కట్టాం. సోర్ అయిపోతే పంపులోని లెవెల్ స్విచ్ ఆ సిగ్నల్‌ను ఆపేస్తుంది, అప్పుడు నీళ్ళు కాలవలోకే పోతాయి. క్షారపు నీళ్ళు ట్యాంకులో పడే దారి దాదాపు మూసుకుపోయింది.

వేడికి స్థానిక ఫ్యాబ్రికేటర్‌తో ఒక తొట్టి చేయించాం. వేడి డ్రెయిన్ నీళ్ళు తొట్టి గుండా నెమ్మదిగా పోతాయి, లోపల స్టీల్ పైపు చుట్టలో కొత్త సాఫ్ట్ వాటర్ పారుతుంది. ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ అంత సమర్థంగా ఉండదు. కొత్త నీళ్ళు 28 నుంచి 40కే వస్తున్నాయి. కానీ నూగు అడుక్కి దిగుతుంది, వారానికోసారి అడుగు వాల్వు తెరిచి పైపుతో కొడితే శుభ్రం. అక్కడి కుర్రాళ్ళు నన్ను పిలవకుండా చూసుకోగలిగేది అది. ఆ 12 డిగ్రీలతో రోజుకు యాభై కిలోల పైన కట్టెలు మిగులుతున్నాయి.

మెయిన్ వాష్‌ను 65 నుంచి 45కు తగ్గిస్తే ఇంకా మిగులుతుంది కదా అని యజమాని అడిగాడు. నేను ససేమిరా అన్నాను. ప్రీవాష్‌లో వాడిన నీళ్ళు పోస్తున్నాం కాబట్టి, ఆ తర్వాత 65 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నిలవడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. తర్వాత ఒక నర్సింగ్ హోమ్ బట్టలు వస్తాయంటే, ఆ లోడ్లకు ఈ నీళ్ళు ఇవ్వకూడదు, వాటి నీళ్ళు తీసుకోకూడదు అని షరతు పెట్టాను. ఆయన ఆ కాంట్రాక్టే వదులుకున్నాడు.

ఏడాది తర్వాత

మరుసటి మే నెలలో ట్యాంకర్లు మూడు నుంచి ఒకటికి తగ్గాయి, కొన్ని రోజులు రెండు. ఆ తగ్గుదలలో వాల్వు లీకు, కండెన్సేట్ కలిసి 3,000 లీటర్ల పైమాటే. కట్టెలు 630 కిలోల నుంచి 500కు వచ్చాయి. అందులో ట్రాపులు మార్చడంతో వచ్చిన మిగులు, తొట్టితో వచ్చిన దానికి కాస్త తక్కువ, అంతే. పెట్టిన ఖర్చు పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చింది. బాయిలర్ బ్లోడౌన్ (లోపల పేరుకున్న ఉప్పు నీళ్ళను బయటికి వదలడం) తగ్గింది, గొట్టాలలో సున్నపు పెచ్చు తగ్గింది.

ఇప్పుడు ఎవరు పిలిచినా నేను వెళ్ళే వరుస మారింది. ముందు రాత్రిపూట మీటర్ చూస్తాను, తర్వాత సాఫ్ట్‌నర్, తర్వాత స్టీమ్ ట్రాపులు, కండెన్సేట్ పైపు. జాడింపు నీళ్ళ సంగతి వీటి తర్వాతే. రీసైక్లింగ్ అంటే కొత్త ప్లాంటు అనుకుని మనం పారబోస్తున్నదాన్ని చూడం. ఏ నీళ్ళు ఎక్కడికి మళ్ళించాలో గీసే ముందు, బట్టలు విడదీసే వాళ్ళతో ఒక పూట కూర్చుంటాను. ఏ మరకలు వస్తాయో, ఏది దేనికి ముదురుతుందో వాళ్ళకు తెలుసు. ఆ హారతి మాట చెప్పిన ఆవిడ చేతికే పీహెచ్ పట్టీల డబ్బా ఇప్పించాను. రోజూ పొద్దున, మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు ఆవిడే చూస్తుంది. ఏడు దాటితే వాల్వు మూయించే అధికారం ఆవిడకు ఉంది.

డ్రయ్యర్ల నుంచి బయటికి పోయే వేడిగాలిని మాత్రం ఇంకా ముట్టుకోలేదు. అందులో వేడి చాలానే ఉంది. కానీ ఆ గాలి నిండా నూగు. ఎక్స్‌ఛేంజర్ మీద పేరుకుంటే గాలి ఆగుతుంది, బట్ట ఆరడం ఆలస్యమవుతుంది, అంతకు మించి నిప్పు భయం. నూగు పట్టే జల్లెడను షిఫ్టుకు రెండుసార్లు తప్పకుండా దులిపే అలవాటు ఆరు నెలలు నిలబడితే అప్పుడు గీస్తానని చెప్పాను. ఇప్పటికి నాలుగు నెలల రిజిస్టరు అయింది.